యంత్రానికి చెప్పని మాట

“ఉప్పు మాంసం చల్లారిపోతోంది. పోట్లాట తిన్నాక కూడా పెట్టుకోవచ్చు,” అంది అత్తగారు హిల్డా.

ఎవరూ ఫోర్కు ముట్టలేదు. బెర్నడెట్ పళ్ళెంలో క్యాబేజీ, టర్నిప్ ముక్కలు, గుడ్డసంచిలో ఉడికించిన బఠాణీ పప్పు ముద్ద వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. ఆదివారం భోజనం మీద అలిగిన చరిత్ర ఆ ఇంట్లో లేదు. అలిగినా తిని అలిగేవారు.

“ఇంకోసారి చెప్పు,” అంది బెర్నడెట్ మొగుడితో. “సరిగ్గా వినబడలేదు.”

వినబడింది. మొదటిసారే శుభ్రంగా వినబడింది.

“నాలుగు, అయిదు, ఆరు తరగతులు కలిపి ఒకటే గది,” అన్నాడు అంబ్రోస్ బంగాళాదుంపతో చెబుతున్నట్టు. “పిల్లలు తగ్గిపోయారు కదా. ఆ గదికి ఇద్దరు టీచర్లు. ఒకరు నువ్వు.”

“రెండోది?”

“జెనవీవ్.”

“ఏ జెనవీవ్?”

వాళ్ళ రేవు ఊరు హాగన్స్ కోవ్‌లో జెనవీవ్ ఒక్కతే. బెర్నడెట్‌కి ఒక్కగానొక్క చెల్లెలు. రేవుకి అవతలి ఒడ్డున పచ్చరంగు ఇంట్లో ఉంటుంది. ఇవతలి వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ ఇంటి పొగగొట్టం కనిపిస్తుంది. ఏడేళ్ళుగా ఆ కిటికీకి తెర తీసింది లేదు.

“నేను వెయ్యలేదు బెర్నీ. ప్రోగ్రాం వేసింది.”

“ఓహో. రాత్రికి ప్రోగ్రామే వచ్చి నా పక్కన పడుకుంటుందా?”

“అమ్మ ఉంది ఇక్కడ,” అన్నాడు అంబ్రోస్, చెవులు ఎర్రబడి.

“నాకు వినబడదులే,” అంది హిల్డా. ఎనభయ్యో పడిలో కూడా రేవులో ఏ పడవ ఇంజను ఎవరిదో ఇంట్లో కూర్చుని చెప్పగల మనిషి ఆవిడ.

అంబ్రోస్ ఆ ఊరి బడికి వైస్ ప్రిన్సిపాలు. బాలశిక్ష నుంచి పన్నెండో తరగతి దాకా ఒకటే బడి. నిరుటి దాకా ప్రతి ఆగస్టులోనూ ఈ భోజనాల బల్ల మీదే ఇనప పలక పరుచుకుని, రంగురంగుల అయస్కాంతం బిళ్ళలు జరుపుతూ టైంటేబుల్ వేసేవాడు. ఏ టీచరుకి ఏ తరగతి, ఏ గంట, ఏ గది. ఎలా వేసినా టీచర్లది ఒకటే మాట: పెళ్ళానికి శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ ఉంచాడు, మిగతావాళ్ళకి జిమ్ములో కాపలా పెట్టాడు. ఈ ఏడాది జిల్లా ఆఫీసు వాళ్ళు కొత్త ప్రోగ్రాం పంపారు. టీచర్లెవరు, ఎవరికి ఏ చదువుంది, గదులెన్ని, పిల్లలెందరు అని చెబితే చాలు, మీట నొక్కగానే అదే అందరికీ తరగతులు పంచేస్తుంది. అంబ్రోస్‌కి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ సంబరంలో జూన్ మీటింగులో నిలబడి, “అది ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది. ఒక్క గడి కూడా నా చేత్తో మార్చను. నా పెళ్ళామైనా సరే,” అని అందరి ముందూ మాటిచ్చాడు. చప్పట్లు కూడా కొట్టారు.

తన గొయ్యి తానే తవ్వుకుని, దాని మీద చక్కగా గడ్డి కూడా పరిచాడు.

అక్కచెల్లెళ్ళని కలపకూడదన్నది బడిలో నియమం. అది ఎక్కడా రాసి లేదు. టీ గదిలో ఒకరుంటే రెండోవారికి వసారా డ్యూటీ. క్రిస్మస్ నాటకం ఒకరిది, ఆటల రోజు ఇంకొకరిది. కొత్తగా చేరిన టీచర్లు కూడా ఎవరూ చెప్పకుండానే వారం తిరిగేలోపు పసిగట్టేవారు. అందరికీ అంతగా తెలిసిన సంగతి కాబట్టే, దాన్ని యంత్రానికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

అలా అని అంబ్రోస్ చెప్పుకున్నాడు. “మర్చిపోయాను. దానికి చెప్పాలని నాకు తట్టలేదు,” అన్నాడు.

“అయితే ఇప్పుడు చెప్పు. మార్చెయ్.”

“మాటిచ్చాను బెర్నీ. ఇప్పుడు నీ కోసం మారిస్తే రేపటి నుంచి ఆ బడిలో నా మొహం ఎవడు చూస్తాడు?”

“నీ మాట గొప్పదా, నేను గొప్పదాన్నా?”

ఆ ప్రశ్నకి జవాబు చెప్పి బతికిన మొగుడు ఆ ఒడ్డున లేడు.

“మా అమ్మని కారులో వేసుకుని, నాకొక్క మాట చెప్పకుండా సెయింట్ జాన్స్ పెద్దాసుపత్రికి తీసుకుపోయిన మనిషి అది,” అంది బెర్నడెట్. గొంతు పైకి లేవలేదు, సన్నబడింది. “మంచు తుఫానుకి రోడ్డు మూసేశారు. నేనిక్కడ, అమ్మ అక్కడ. ఎవరిదో దుప్పటి కింద, ఎవరో నర్సు చెయ్యి పట్టుకుని పోయింది. అమ్మ తన మంచం మీదే కళ్ళు మూస్తుందని చర్చి మెట్ల మీద ఊరందరి ముందూ నేను మాటిచ్చాను అంబ్రోస్. దాన్ని కాలితో తన్నేసింది నా చెల్లెలు. దాని పక్కన నిలబడి భిన్నాలు చెప్పనా?”

హిల్డా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అనుకుంటుంది. ఇంత మాట వచ్చాక ఆవిడ ఏదో ఒకటి అనాలి. అనలేదు. లేచి, ఎవరూ అడగని గ్రేవీ కోసం పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అక్కడే చాలాసేపు నిలబడి గిన్నె కలిపింది.

“రేపు పన్నెండింటికల్లా జిల్లా ఆఫీసుకి పంపాలి,” అన్నాడు అంబ్రోస్ మెల్లగా.

“పొద్దున నేనొస్తాను బడికి. మాటిచ్చింది నువ్వు, నేను కాదు. నా చేత్తో నేను మారుస్తాను.”

అప్పుడు ఫోర్కు తీసుకుని, చల్లారిన క్యాబేజీని కసిగా పొడిచింది.

*

సెలవుల్లో బడి ఇంకోలా ఉంటుంది. నేలకి కొత్తగా రాసిన మైనం వాసన, కిటికీలకి ఆనుకున్న పొగమంచు, ఎక్కడో ఒక కుళాయి కారుతున్న చప్పుడు. అంబ్రోస్ తన గదిలో కుర్చీ లాగి, “కూర్చో, బంగారం,” అన్నాడు. పదహారేళ్ళ వయసులో పడవ ఎక్కించినప్పుడు కూడా అలాగే అన్నాడు. బెర్నడెట్‌కి ఆ సంగతి గుర్తొచ్చి ఇంకా ఒళ్ళు మండింది.

తెర మీద గళ్ళు, గళ్ళ నిండా రంగులు. నీలం గడిలో తన పేరుంది. ఆ పక్కనే, అదే నీలంలో చెల్లెలి పేరు. ఆ రెండు పేర్లు పక్కపక్కన ఆఖరుసారి చూసింది అమ్మ చావు ప్రకటనలో.

“ఎక్కడ మార్చాలి?”

అంబ్రోస్ వేలితో చూపించాడు. తెర అడుగున ఒక ప్రశ్న, దాని ఎదురుగా ఒక ఖాళీ గడి. ‘ఒకే తరగతికి కలిపి వెయ్యకూడని ఉపాధ్యాయులు ఎవరైనా ఉన్నారా?’

బెర్నడెట్ ఆ ప్రశ్నని చదివింది. మళ్ళీ చదివింది.

“ఇది నిన్ను అడిగింది.”

“ఊఁ.”

“తట్టలేదన్నావు! ఇంతేసి అక్షరాలతో మొహం మీద అడుగుతోంది కదయ్యా!”

“నిన్న అమ్మ ముందు అలా అన్నాను.” అంబ్రోస్ కిటికీ వైపు తిరిగాడు. “ఇద్దరి పేర్లూ కొట్టాను బెర్నీ. కొట్టి, తుడిచేశాను.”

“ఎందుకు?”

“అలసిపోయాను.”

“నువ్వా? దేనికి?”

“ఏడేళ్ళుగా మీ ఇద్దరి బిళ్ళలు ఒకదానికొకటి తగలకుండా జరుపుతున్నాను. ఒకర్ని ఇక్కడ పెడితే ఇంకొకర్ని అక్కడ. మీ ఇద్దరి మధ్యా దారి ఖాళీగా ఉంచడానికి మిగతా వాళ్ళందర్నీ ఎండలోకీ వానలోకీ తోశాను. వాళ్ళు గొణిగింది నీ శుక్రవారం గురించి కాదు, దీని గురించే. ఒక్కసారి, నేను జరపకుండా వదిలేస్తే మీరెక్కడ పడతారో చూద్దామనుకున్నాను.”

“అంటే ప్రోగ్రాం వేసిందన్నది అబద్ధం.”

“వేసింది ప్రోగ్రామే. గేటు తీసి పెట్టింది నేను.”

చెంప పగలగొడదామా అనిపించింది. కానీ ఆ మనిషి భుజాలు అంతగా వాలిపోయి ఉండగా ఎప్పుడూ చూడలేదు.

కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఖాళీ గడిలో తన పేరు, చెల్లెలి పేరు కొట్టింది. మీట నొక్కింది.

తెర మీద చిన్న చక్రం తిరిగింది. రంగులన్నీ చెదిరి, మళ్ళీ సర్దుకున్నాయి. మూడు తరగతులూ ఆవిడ ఒక్కదాని కిందికే వచ్చాయి. అడుగున ఒక గడి ఎర్రగా మెరిసింది. జెనవీవ్ పేరు. పక్కన: సగం పోస్టు.

“ఇదేమిటి?”

“చిన్న పిల్లలకి చెప్పే చదువు మీ ఇద్దరికే ఉంది. ఉన్నది ఒక గది. మిమ్మల్ని విడదీస్తే రెండో మనిషికి గంటలు లేవు.”

“మళ్ళీ నొక్కుతా.”

నొక్కింది. చక్రం తిరిగింది. జిమ్ము టీచరు లెక్కల్లోకి వచ్చాడు, సైన్సు ఆవిడ ఫ్రెంచిలోకి పోయింది, జెనవీవ్ మాత్రం ఎరుపులోనే ఉంది. ఇంకోసారి నొక్కితే గదులు మారాయి, ఎరుపు మారలేదు.

“సగం పోస్టుతో ఇక్కడెలా ఉంటుంది?” అంది బెర్నడెట్, తనలో తను అన్నట్టు.

“ఉండదు. ఇంకో ఊరు చూసుకోవాలి.”

ఇన్నేళ్ళుగా ఆవిడ మనసారా కోరుకున్నది అదే. తెర తియ్యకుండా బతకడం కన్నా, అవతలి ఒడ్డున పొగ లేకుండా ఉండడం నయమని ఎన్నిసార్లు అనుకుందో. ఇప్పుడు ఆ కోరిక ఒక మీట దూరంలో కూర్చుని చూస్తోంది. పొగ రాని పొగగొట్టం కళ్ళముందు ఆడింది.

“దానికి తెలుసా, నాతో క్లాసు పడిందని?”

“నిన్న పొద్దున ఫోన్ చేసి చెప్పాను. విని పెట్టేసింది.”

బెర్నడెట్ లేచి కోటు వేసుకుంది. గడిలో రెండు పేర్లూ అలాగే ఉన్నాయి.

“పన్నెండింటి దాకా ఏదీ పంపకు,” అంది. “ఏదీ తుడవకు కూడా. నీకా జబ్బుంది.”

*

ఇంటికొచ్చేసరికి హిల్డా పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని ఉన్ని తొడుగులు అల్లుతోంది. సూదులు టకటకా ఆడుతున్నాయి.

“మార్చావా?”

“ఇంకా లేదు అత్తయ్యా.”

“మారుస్తావా?”

“కందకి లేని దురద కత్తిపీటకెందుకు?”

హిల్డా ఆ మాటకి నొచ్చుకోలేదు. నొచ్చుకోకపోవడమే వింతగా ఉంది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఊళ్ళో తలుపు తట్టే అలవాటు లేదు. ముందు తలుపుకి మెట్లే కట్టలేదు, కట్టమని ఎవరూ అడగలేదు. వచ్చేవాళ్ళంతా వెనక తలుపు తోసుకుని నేరుగా వంటింట్లోకి నడుస్తారు. తట్టేది పోలీసులో, దారి తప్పినవాళ్ళో.

“ఎవరో పోయారు,” అంది హిల్డా.

బెర్నడెట్ తలుపు తీసింది.

పొగమంచులో తడిసిన జుట్టుతో జెనవీవ్ నిలబడి ఉంది. ఏడేళ్ళుగా వసారా ఆ చివరి నుంచి చూడడమే తప్ప ఇంత దగ్గరగా చూడలేదు. కళ్ళ కింద అమ్మ ముడతలు వచ్చాయి. గడ్డం అమ్మదే. బెర్నడెట్‌కి అమ్మే వచ్చి నిలబడినట్టనిపించింది.

“నువ్వు తలుపు తడుతున్నావా?” అంది. ఇన్నేళ్ళకి చెల్లెలితో ఆడిన మొదటి మాట అది.

“తట్టకుండా రావచ్చో లేదో తెలియలేదు.”

“చలి లోపలికొస్తోంది. తలుపు వెయ్యి.”

“ఏ వైపు నుంచి?”

బెర్నడెట్ పెదవి బిగించింది. నవ్వొచ్చిందేమోనని తనకే అనుమానం వేసింది. “లోపలి వైపు నుంచే,” అంది.

జెనవీవ్ లోపలికొచ్చి తలుపుకి వీపు ఆన్చి నిలబడింది. బూట్లు విప్పలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు.

“అంబ్రోస్‌కి చెప్పు. సగం పోస్టు నేను తీసుకుంటాను. ఆ క్లాసు నువ్వే ఉంచుకో.”

“సగం పోస్టని నీకెవరు చెప్పారు?”

“ఒక గది, ఇద్దరు మనుషులు. నాకూ లెక్కలొచ్చు బెర్నీ. ఈ బల్ల మీదే చెవి మెలిపెట్టి మరీ నేర్పావు.”

“సగంతో ఏం తింటావు?”

“గ్యాండర్‌లో టీచరు పోస్టు ఖాళీ ఉందట.”

“పోవాలనుందా?”

జెనవీవ్ పొయ్యి మీద గుయ్యిమంటున్న కెటిల్ వైపు చూసింది.

“లేదు,” అంది. “కానీ నీతో ఒక గదిలో నిలబడాలంటే నీకొకటి తెలియాలి. తెలిశాక పొమ్మంటే పోతాను. తెలియకుండా మాత్రం నిలబడలేను. నిన్న అంబ్రోస్ ఫోన్ చేసినప్పటి నుంచి ఇదే నమిలి మింగుతున్నాను.”

“చెప్పు.”

“ఆ రోజు అమ్మని నేను తీసుకెళ్ళలేదు. అమ్మే తీసుకెళ్ళమంది. నీకు చెప్పొద్దంది.”

“అబద్ధం.”

“నొప్పి ఓర్చుకోలేకపోయింది బెర్నీ. నువ్వొచ్చినప్పుడు పళ్ళు బిగించి నవ్వేది. నువ్వు గడప దాటగానే దిండు కొరికేది. అంత నొప్పికి ఇక్కడి నర్సు దగ్గర మందు లేదు. ‘ఆసుపత్రిలో నాలుగు రోజులుండి వచ్చేద్దాం, దానికి తెలియక్కర్లేదు,’ అంది. ‘చర్చి మెట్ల మీద ఊరందరి ముందూ మాటిచ్చింది పిచ్చిపిల్ల. దాని మాట పోతే అది తట్టుకోలేదు,’ అంది. తుఫానొస్తుందని మాకేం తెలుసు?”

బెర్నడెట్ కుర్చీ వీపు పట్టుకుంది. ఏడేళ్ళ కోపం కూర్చోడానికి చోటు వెతుక్కుంది, దొరకలేదు. నీ మాట గొప్పదా, నేను గొప్పదాన్నా అని నిన్న మొగుడిని నిలదీసింది. అమ్మ ఆ ప్రశ్న తనని అడగలేకపోయింది. అడగకుండానే దిండు కొరుక్కుంది. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వాటి వెనకాలే, నమ్మకూడదన్న పంతం కూడా వచ్చింది.

గోడకున్న ఫోన్ మోగింది.

“బెర్నీ,” అన్నాడు అంబ్రోస్ అటు నుంచి. “జిల్లా ఆఫీసు వాళ్ళు అడుగుతున్నారు. పన్నెండు కావస్తోంది. గడిలో మీ పేర్లు ఇంకా ఉన్నాయి. ఏది పంపమంటావు?”

బెర్నడెట్ చెల్లెలి వైపు చూసింది. జెనవీవ్ తన బూట్ల వైపు చూసుకుంటోంది. బయట కారు ఇంజను ఆపలేదు. పొమ్మంటే వెంటనే పోవడానికి అలా వదిలి వచ్చింది.

“తుడిచెయ్,” అంది బెర్నడెట్.

“రెండు పేర్లూనా?”

“రెండూ. తుడవడం నీకు వచ్చు కదా.” “ఒక్కటి మాత్రం రాసిపెట్టుకో. నల్లబల్ల మీద రాసేది నేనే. దాని కోడిగీతలు దానికే అర్థం కావు.”

వెనక నుంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. నవ్వో, వెక్కో తెలియలేదు. అటు వైపు అంబ్రోస్ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించి, లైను పోయింది.

బెర్నడెట్ వెళ్ళి కిటికీ తెర పక్కకి లాగింది. పొగమంచులో అవతలి ఒడ్డే కనిపించలేదు. అయినా తెర అలాగే వదిలేసింది.

“కారు ఇంజను ఆపి రా,” అంది. “క్లాసు సంగతి తేలింది. అమ్మ సంగతి తేలలేదు. నువ్వన్నది నమ్మాలని ఉంది, కానీ నీ ఒక్కదాని మాట మీద నమ్మలేను. అమ్మ అలా అనగా ఇంకెవరైనా విన్నారా?”

జెనవీవ్ అక్క భుజం మీదుగా పొయ్యి వైపు చూసింది.

సూదుల టకటక ఎప్పుడు ఆగిందో బెర్నడెట్ గమనించలేదు. తిరిగి చూసేసరికి ఉన్ని ఉండ కుర్చీ కిందికి దొర్లిపోయి ఉంది. హిల్డా దాన్ని తీసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి కాన్పుకి కూర్చున్న పిల్లలా భయంభయంగా కోడలి వైపు చూస్తోంది.

“అత్తయ్యా?”

“ముగ్గురికీ టీ పెట్టు అమ్మాయ్,” అంది హిల్డా. “మీ అమ్మ ఆగ్నెస్, నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఊరి కబుర్లన్నీ మోశాను కానీ, ఇదొక్కటీ మొయ్యలేక చచ్చాను. ఆ పొద్దున చీకటితో మీ అమ్మకి కోటు తొడిగి, కారెక్కించింది నేనే.”